చిన్నదాని అంకె

పరుగుపందెంలో చిట్టచివర వచ్చినవాళ్ళకి కూడా ఒక అంకె ఉంటుంది. ఇన్ని నిమిషాలు, ఇన్ని సెకన్లు అని. దాన్ని చూసుకుని ఏడవొచ్చు, దాచుకోవచ్చు, పదేళ్ళ తర్వాత పిల్లలకి చెప్పేటప్పుడు రెండు సెకన్లు కోసెయ్యనూ వచ్చు. చిన్నదానికి ఆ భాగ్యం కూడా లేదు. పదహారో ఏటి నుంచి ఇరవై ఒకటో ఏటి దాకా ఎనిమిది వందల మీటర్ల పందెంలో పంతొమ్మిదిసార్లు గీత దగ్గర నిలబడింది. పంతొమ్మిదిసార్లూ ఫలితాల కాగితంలో ఆమె పేరుకి ఎదురుగా ఒకే మాట రాశారు: మధ్యలో ఆగింది.

చదివినవాళ్ళు ఏమనుకుంటారు? పాపం, దమ్ము చాలని పిల్ల అనుకుంటారు. ఆ రోజుల్లో ఆ మైదానంలో ఆమెకున్నంత దమ్ము ఇంకొకరికి లేదు. ఆగమన్నారు, ఆగింది. అంతకుమించి అందులో ఏమీ లేదు.

ఆగమన్నది నాన్న. ఆయన బళ్ళో డ్రిల్లు మాస్టారు. ఇద్దరూ ఆడపిల్లలే, ఇద్దరికీ పొడుగు కాళ్ళే. పెద్దది, చిన్నది అని పిలిచేవాడు, వీధి వీధంతా అలాగే పిలిచేది. నలభై మూడేళ్ళొచ్చి, చెంపలు నెరిసి, కూతుర్ని హాస్టల్లో పెట్టి కాలేజీ చదివిస్తున్నా ఆమె ఇప్పటికీ చిన్నదే. పెద్దదానికి వెనకనుంచి దూసుకొచ్చే గుణం ఉంది కానీ మొదట్లో తనంతట తాను వేగం పట్టడం రాదు. ఎవరో ఒకరు ముందుండాలి. చిన్నది అలా కాదు. చుట్టు ఇంతలో తిరగమంటే ఇంతలోనే తిరిగొస్తుంది, అర సెకను అటూ ఇటూ పోదు. మాస్టారు ఆలోచించాడు. ఇద్దరూ బాగా పరిగెత్తడం కంటే ఒకతె గెలవడం మేలని తేల్చాడు. ఏ ఒకతె అన్నది ఎవరూ అడగలేదు, ఆయన చెప్పనూ లేదు.

ఆ ఇంట్లో దానికి లాగుడు అని పేరు. చిన్నది ముందుండి ఆరువందల మీటర్ల దాకా అక్కని లాగుతుంది. చివరి మలుపు మొదలయ్యే ఆ చోట, లోపలి కంచెకి మనిషి పట్టేంత సందు ఒకటి ఉంది. నాన్న స్టాప్‌వాచీ పట్టుకుని ఆ సందులో నిలబడతాడు. చిన్నది రాగానే "చాలు" అంటాడు. ఆయన బొటనవేలు మీట నొక్కుతుంది, చిన్నది గడ్డిలోకి వచ్చేస్తుంది, పెద్దది ముందుకెళ్ళి గెలుస్తుంది. ఆ తర్వాత నాన్న గడ్డికి అడ్డంపడి పెద్దదాని దగ్గరికి పరిగెడతాడు. చిన్నది వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తన ఊపిరి తానే సర్దుకుంటుంది.

ఆ గడియారానికి ఒకటే మీట. ఒకసారి నొక్కితే ముల్లు కదులుతుంది, రెండోసారి నొక్కితే ఆగుతుంది, మూడోసారి నొక్కితే సున్నాకి వెళ్ళి కూర్చుంటుంది. చాలు అనే మాటకీ నాన్న బొటనవేలికీ ఏదో తీగ కట్టినట్టుండేది. అమ్మ వడ్డిస్తున్నప్పుడు ఎవరు చాలన్నా సరే, ఆయన వేలు గాలిలో ఒకసారి నొక్కుకునేది. అక్కాచెల్లెళ్ళు అది చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళు.

పెద్దదాని గెలుపులు చూసి ఒక పెద్ద ఆఫీసు పిలిచి ఉద్యోగమిచ్చింది. చిన్నది కూడా తన కాగితాలు పట్టుకుని వెళ్ళింది. బల్ల వెనకాయన పంతొమ్మిది కాగితాలూ ఓపిగ్గా తిరగేసి, "ఒక్కటైనా పూర్తి చెయ్యలేదా అమ్మా?" అని జాలిపడ్డాడు. పెద్దదానికి ఉద్యోగం రావడంతో ఇంటికి పరుగుతో పని తీరిపోయింది. "ఇంక చాలమ్మా," అన్నాడు నాన్న. చిన్నదాని బూట్లు అటకెక్కాయి.

తర్వాత ఆమెకి బస్సు డిపోలో ఉద్యోగం దొరికింది. ఏ ఉద్యోగమనుకున్నారు? టైంకీపరు. పైవాడికి కూడా వెటకారం బాగానే తెలుసు. గేటు పక్కన కిటికీ ఉన్న ఇరుకుగది, గోడకి గుండ్రటి గడియారం, బల్ల మీద టీ గ్లాసులు వదిలిన వలయాలు, ఎప్పుడూ డీజిలు వాసన. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు తిరిగొచ్చింది, ఎన్ని నిమిషాలు ఆలస్యం. ఇరవై ఏళ్ళుగా అందరి టైమూ రాస్తూ కూర్చుంది. పొద్దున్నుంచి వెళ్ళిన ప్రతి బస్సు నిమిషమూ కాగితం చూడకుండా చెప్పగలదు. డ్రైవర్లు ఆమె దగ్గర అబద్ధమాడటం ఎప్పుడో మానేశారు.

అక్క ఫోను ఆ గదికే వచ్చింది. డిపోలో అందరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క నల్ల ఫోనే.

"నలభై దాటినవాళ్ళకి పోటీలు పెడుతున్నారే. మన మైదానంలోనే," అంది అక్క. "ఏడాది నుంచి మళ్ళీ పరిగెడుతున్నాను. ఎనిమిదొందల్లో రికార్డు రెండు నిమిషాల ఇరవై ఎనిమిది. నాకు అందుతుంది. మొదటి చుట్టులో ముందు ఎవరైనా ఉంటే."

"ఎవరైనా అంటే?"

"నీకు తెలీదా ఏంటి."

ఆ గొంతులో అడుగుతున్న జాడ లేదు. పక్కనున్న ఉప్పుడబ్బా అందుకోమన్నట్టు ఉంది. చిన్నదానికి కడుపు మండింది. ఇరవై రెండేళ్ళలో అక్క ఆమెని పరుగు గురించి అడగడం ఇదే మొదటిసారి, అదీ ఇందుకు.

"నాన్న కూడా వస్తానంటున్నాడు," అంది అక్క. "గడియారం తీసి తుడుచుకుంటున్నాడు. నువ్వొస్తున్నావంటే చాలు, పదేళ్ళు తగ్గిపోతాడు."

చిన్నది కిటికీలోంచి చూసింది. ఒక డ్రైవరు కాగితం మీద సంతకం కోసం ఎదురుచూస్తున్నాడు. ఆమె బుర్రలో అప్పటిదాకా లేని ఆలోచన ఒకటి మెదిలింది. పందెంలో పేరిస్తే గీత దగ్గర నిలబెడతారు. గీత దగ్గర నిలబెట్టాక ఆరువందల దగ్గర ఆగకపోతే ఎవరేం చేస్తారు? నాన్నకి డెబ్బై ఆరు. వెంటపడి పట్టుకోలేడు కదా.

"సరే, వస్తాను," అంది.

మొదటిరోజు డిపో వెనక బడి మైదానంలో ఒక్క చుట్టు తిరిగేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. రెండో చుట్టులో ఎడమ మోకాలు నేనూ ఉన్నానని గుర్తుచేసింది. మూడో చుట్టు అనుకున్నది అనుకున్నట్టే మిగిలిపోయింది. మర్నాడు గదిలో కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవాల్సొచ్చింది. "టైంకీపరమ్మా, మీరే ఇంత లేటుగా లేస్తే మా బళ్ళ గతేంటి," అన్నాడు ఒక డ్రైవరు. ఆమె నవ్వకుండా అతని కాగితం మీద రెండు నిమిషాలు ఆలస్యం అని రాసిచ్చింది.

అయినా మానలేదు. రోజూ డ్యూటీకి ముందు వెళ్ళింది. నెల తిరిగేసరికి మోకాలు సణగడం మానేసింది. మూడో నెలకి ఒళ్ళు పాత సంగతులు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది: మోచేతులు ఎక్కడుండాలి, చూపు ఎంత దూరంలో పెట్టాలి. ఆ మైదానం చుట్టుకొలత మాత్రం మూడువందల చిల్లర, ఆ చిల్లర ఎంతో బడి కట్టినవాళ్ళకీ తెలీదు. కాబట్టి అక్కడ ఎంతసేపట్లో పరిగెత్తినా దానికి విలువ లేదు. సరైన కొలత ఉన్న ట్రాకు మీద, పందెంలో, గీత నుంచి గీత దాకా పరిగెత్తితేనే అది అంకె. ఆమె కోరిక అదొక్కటే. గెలవాలని లేదు. తన పేరు పక్కన ఒక్క అంకె.

ఈ సంగతి ఒక్క మొగుడికే చెప్పింది. అతను అదే డిపో వర్క్‌షాపులో లేతు మిషను మనిషి. విని, అటకెక్కి, బూజు దులుపుకుంటూ ఆమె పాత బూట్లు దింపాడు. అడుగున ఉండాల్సిన మేకులు తుప్పు పట్టి ఊడిపోయాయి. వాటిని డిపోకి పట్టుకెళ్ళి, పాత బోల్టులు లేతు మీద పెట్టి సన్నగా చెక్కి, ఒక్కో బూటుకి ఆరేసి కొత్త మేకులు బిగించుకొచ్చాడు. మర్నాడు చిన్న ఇత్తడి రేకు ముక్క ఒకటి చూపించాడు. అంచులు నున్నగా రుద్ది, అక్షరాల అచ్చులతో 'చిన్నది, 800' అని కొట్టాడు. కింద జాగా ఖాళీగా ఉంది.

"అంకెల అచ్చులు కూడా ఉన్నాయి నా దగ్గర," అన్నాడు. "ఎంతొచ్చిందో చెప్పు, కొట్టేస్తాను. ఎక్కువొచ్చినా పర్లేదు, జాగా ఉంది."

ఆమె నవ్వింది. ఆ పూట అన్నం తింటూ కూడా ఆ రేకుని పక్కనే పెట్టుకుంది.

పోటీ ఆదివారం పొద్దున. అతనికి బ్రేక్‌డౌన్ బండి మీద డ్యూటీ పడింది, రాలేకపోయాడు. చిన్నది ఒక్కతే బస్సు దిగి మైదానంలో అడుగుపెట్టింది. నల్లబూడిద ట్రాకు పోయి ఎర్రటిది వచ్చింది. మెట్లకి కొత్త రంగేశారు. కంచె మాత్రం పాతదే, సందు కూడా అలాగే ఉంది.

పేర్లు రాసే బల్ల దగ్గర కళ్ళజోడు గుమాస్తా ఒకాయన అందరికీ నంబరు గుడ్డలిస్తూ ఒకే పాట పాడుతున్నాడు. "గడియారాలు మూడే ఉన్నాయమ్మా. మొదటి ముగ్గురికే టైం. మిగతావాళ్ళకి ఎన్నో స్థానమో రాస్తాం, టైం ఉండదు. తర్వాత నన్నడగొద్దు."

చిన్నది గుడ్డ అందుకుని పక్కకి జరిగింది. పక్కనే గోడకి నిరుటి ఫలితాలు అంటించి ఉన్నాయి. చదివింది. టైంకీపరు బుర్ర కదా, వద్దన్నా లెక్క వేసేసింది. నిరుడు మూడోస్థానం రెండు నిమిషాల ముప్ఫై ఆరు. మొదటి నుంచీ తన లెక్కలో తాను ఒకే వేగంతో పరిగెత్తితే రెండు ముప్ఫై మూడుకి రాగలదు. మూడోస్థానం దొరుకుతుంది, అంకె దొరుకుతుంది. అక్క కోసం మొదటి చుట్టు డెబ్బై రెండు సెకన్లలో లాగితే చివర కాళ్ళు మిగలవు. ఏ అయిదోస్థానమో వస్తుంది, కాగితంలో టైం ఉండదు. అంటే రెంటిలో ఒకటి. అక్క రికార్డు, లేదా తన అంకె.

ఆలోచిస్తూ ఉండగానే నాన్న వచ్చాడు. మనిషి ఎండిపోయాడు కానీ వీపు ఇంకా డ్రిల్లు మాస్టారిదే, కర్రలా నిటారుగా ఉంది. మెళ్ళో తాడుకి గడియారం వేలాడుతోంది. వచ్చీ రాగానే వంగి ఆమె పిక్క నొక్కి చూశాడు.

"కాస్త ఒళ్ళు చేశావు," అన్నాడు. "ఆరొందలకి పర్లేదులే."

"నాన్నా, ఈసారి నేను ఆగను," అంది చిన్నది. ఆరు నెలలుగా ఈ మాటని ఎన్ని రకాలుగానో అనుకుంది. తీరా అంటే బస్సు టికెట్టు అడిగినట్టు చప్పగా వచ్చింది.

"ఆగవా? మరి?"

"ఎనిమిదొందలూ పరిగెడతాను. అక్కని లాగుతాను, నువ్వు చెప్పినంతలోనే లాగుతాను. ఆ తర్వాత గీత దాకా వెళ్తాను."

నాన్న వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. "వెళ్ళు. ఎవరొద్దన్నారు? పెద్దదాన్ని లాగాక నీ ఇష్టం."

"కాగితంలో ముగ్గురికే టైం రాస్తారట. నా టైం నువ్వు తీస్తావా? గీత దాటేదాకా?"

"నా చేతిలో గడియారం ఉన్నది ఎందుకమ్మా? తీస్తాను."

"మర్చిపోకూడదు."

"నాకు చెప్తున్నావా," అన్నాడు నాన్న, కాస్త నొచ్చుకున్నట్టు.

దాంతో చిన్నదాని మనసు తేలికపడింది. రెంటిలో ఒకటి వదులుకోవాల్సిన పనిలేదు. అక్క రికార్డు అక్కకి, తన అంకె తనకి. ఇరవై రెండేళ్ళ కోపంలో సగం అక్కడే కరిగిపోయింది. తప్పు అదే. ఆ సగం ఉండనిచ్చి, తన మూడోస్థానం తాను చూసుకోవాల్సింది. కానీ నాన్న తీస్తానన్నాడు. తీస్తానన్న నాన్నని నమ్మకుండా ఉండటం ఆమెకి నలభై మూడేళ్ళలో ఎవరూ నేర్పలేదు.

గీత దగ్గర ఎనిమిదిమంది. ఒక నర్సు, ఒక పోలీసావిడ, మొదట్లో చీర దోపుకుని పరిగెత్తి తర్వాత నిక్కరు కొనుక్కున్నానని అందరికీ చెప్పుకుంటున్న ఒక టీచరు, ఇంకా ఎవరెవరో. అందరూ నవ్వుకుంటూ భయాన్ని దాచుకుంటున్నారు. అక్క వచ్చి చిన్నదాని భుజం మీద చెయ్యేసింది. నలభై ఆరేళ్ళ మనిషిలా లేదు, ఒళ్ళంతా నరాలే.

"డెబ్బై రెండు," అంది చెవిలో. "తొందరపడకు. నీకు నేను చెప్పాలా."

తుపాకీ పేలింది. చిన్నది ముందుకొచ్చేసింది. మొదటి మలుపు తిరిగేసరికి అక్క అడుగుల చప్పుడు సరిగ్గా వీపు వెనక, ఎప్పుడూ ఉండే చోటే వినిపించింది. ఆ చప్పుడు వినగానే ఒళ్ళు దానంతటదే లయ పట్టుకుంది. సిగ్గులేని ఒళ్ళు. ఇన్నేళ్ళ తర్వాత కూడా దానికి అదే హాయిగా ఉంది. మెట్ల మీదివాళ్ళు అరుస్తున్నారు, గంట మోగింది, గుమాస్తా కేక పెట్టాడు: "డెబ్బై రెండు!" చిన్నది అది ముందే తెలిసినదానిలా తల కూడా తిప్పలేదు.

రెండో చుట్టు. ఊపిరి గరుకుగా మారింది. వెనక సూటి దారిలో సగం వచ్చేసరికి తొడల్లో మంట మొదలైంది. దూరంగా సందులో నాన్న కనిపించాడు. తెల్లచొక్కా, ముందుకి చాచిన కుడిచెయ్యి. ఇరవై రెండేళ్ళ కిందట ఎలా నిలబడ్డాడో అలాగే. దగ్గరవుతోంది. పది అడుగులు. అయిదు.

"చాలు," అన్నాడు నాన్న.

ఎడమకాలు గడ్డి వైపు తిరిగింది. ఆమె తిప్పలేదు, అదే తిరిగింది. ఒక అడుగు సగం గడ్డి మీద పడింది. చిన్నది పళ్ళు బిగించి, ఆ కాలిని మొండి గొడ్డుని లాక్కొచ్చినట్టు లాక్కుని మళ్ళీ ట్రాకు మీదికి తెచ్చుకుంది. ఆ తొట్రుపాటులో అక్క పక్కనుంచి దాటిపోయింది. ఆ వీపు చిన్నదవుతూ వెళ్ళింది.

చివరి మలుపు. మొదటి చుట్టులో సెకన్లు లెక్కపెట్టుకుంటూ దాటెయ్యడమే తప్ప, రెండోసారి ఈ మలుపులో ఆమె పందెంలో ఎప్పుడూ కాలుపెట్టలేదు. రోజూ గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చే ఇంట్లో మొదటిసారి లోపలి గది చూసినట్టుంది. అక్కడ గోడకి ఒక పగులుంది. కారుతున్న కుళాయి ఒకటుంది. మైదానం ఈ వైపునుంచి చూస్తే ఎంత పెద్దదో ఆమెకి ఇన్నాళ్ళూ తెలీదు. కాళ్ళు అయిపోయాయి. నర్సు దాటింది. పోలీసావిడ దాటింది. ఇంకొకావిడెవరో ఆయాసపడుతూ, "రండి రండి," అని పిలుస్తూ మరీ దాటింది. దాటితే దాటనీ. చిన్నది చేతులతో గాలిని పట్టుకుని ముందుకి లాక్కుంటున్నట్టు పరిగెత్తింది. ఇంతకాలం అక్కని లాగింది, ఇప్పుడు తనని తాను లాగుతోంది. తన బరువు ఇంత ఉంటుందని ఆమె అనుకోలేదు.

గీత దాటింది.

దాటి నాలుగడుగులు వేసి కింద కూలబడింది. కూలబడి నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, అయినా నవ్వు ఆగలేదు. పక్కనెవరో నీళ్ళ సీసా ఇచ్చారు. తాగింది, సగం ఒంటి మీద ఒంపుకుంది. ఆ ఒక్క నిమిషం ఆమెకి ఎవరి మీదా కోపం లేదు.

కాస్త అవతల అక్క చుట్టూ జనం మూగారు. రెండు నిమిషాల ఇరవై ఏడు. రికార్డు. మైకులో రెండుసార్లు చెప్పారు. చిన్నది లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. గుమాస్తా కాగితంలో ఆమె పేరు ఎదురుగా అయిదు అని రాసి, టైం ఉండాల్సిన గడిలో అడ్డగీత గీశాడు. మధ్యలో ఆగింది అన్న మాట లేదు. దానికే ఆమె మనసు నిండిపోయింది. అడ్డగీతని చూసి బాధపడలేదు, అంకె నాన్న దగ్గరుంది.

నాన్న గడ్డికి అడ్డంపడి వస్తున్నాడు, ఎప్పటిలాగే పెద్దదాని వైపు. ఇప్పుడు పరుగు లేదు, గబగబా నడక. చిన్నది ఎదురెళ్ళి ఆయన్ని మధ్యలోనే ఆపింది.

"ఎంత నాన్నా?"

నాన్న మొహం వెలిగిపోతోంది. గడియారం ఎత్తి ఆమె కళ్ళ ముందు పెట్టాడు. "చూడు. నిమిషం నలభై ఎనిమిది. ఆరొందలకి. సరిగ్గా అంతే అనుకున్నాను నేను. అర సెకను కూడా తేడా లేదు. ఇరవై రెండేళ్ళ తర్వాత, ఈ వయసులో. నీలా లాగే మనిషిని నా జన్మలో చూడలేదమ్మా." చెమట పట్టిన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "పెద్దదాని రికార్డంతా నీదే."

ఆయన ఆమెని ఇంతగా మెచ్చుకోవడం ఆమెకి ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే.

"మిగతాది?" అంది చిన్నది.

"ఏ మిగతాది?"

"ఎనిమిదొందలకి ఎంత? గీత దాటేసరికి?"

నాన్న గడియారం వైపు చూశాడు. ముల్లు కదలకుండా నిలబడి ఉంది. తర్వాత తన బొటనవేలి వైపు చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు.

"నొక్కేశానే," అన్నాడు మెల్లగా. "చాలన్నాను కదా. అలవాటుగా నొక్కేశాను."

"నేను గీత దాటడం చూశావా?"

నాన్న అబద్ధమాడే మనిషి కాదు. ఒక్కోసారి అబద్ధమాడితే బాగుండుననిపించే మనిషి. "పెద్దదాన్ని చూస్తున్నానమ్మా," అన్నాడు. "రికార్డు కదా."

చిన్నదానికి అరవాలనిపించింది, ఏమని అరవాలో తెలియలేదు. ఆయన కావాలని చేసుంటే బాగుండేది. పగ పట్టుకోవడానికి ఏదో ఒకటి చేతికి దొరికేది. ఆయన మర్చిపోయాడు, అంతే. పంతొమ్మిదిసార్లు కూడా బహుశా ఇంతే. ఆరువందల తర్వాత ఆమె ఏమవుతుందో ఆయన ఎప్పుడూ ఆలోచించనే లేదు. ఆమెకి అక్కడితో సరి అనుకున్నాడు.

అక్క పరిగెత్తుకుంటూ వచ్చి చిన్నదాన్ని కావిలించుకుంది. "నువ్వు లేకపోతే నాకు ఇది ఎక్కడొచ్చేది," అంది. నిజంగానే అంది. "వెనక్కి చూస్తే నువ్వింకా పరిగెడుతున్నావు. ఏమైందే, ఆగడం మర్చిపోయావా?"

చిన్నది అక్క వైపు చూసింది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే ఇంకా బాధగా ఉంది.

నాన్న అప్పటికే జేబులోంచి పాత నోటుపుస్తకం తీశాడు. అట్ట చిరిగితే గుడ్డ అంటించి ఉంది. ఒక్కో పేజీలో పైన పెద్దదాని టైం పెద్ద అక్షరాలతో, కింద మూలన చిన్నదాని ఆరువందలు చిన్న అక్షరాలతో. అలా పంతొమ్మిది పేజీలు. ఇరవయ్యో పేజీ తెరిచి పెన్ను మూత పీకాడు.

"వచ్చే ఏడు ఇంకో రెండు సెకన్లు తగ్గిద్దాం," అన్నాడు హుషారుగా. "చిన్నదాన్ని ఇప్పట్నుంచే తయారు చేస్తే మొదటి చుట్టు డెబ్బై ఒకటికి..."

"చాలు నాన్నా," అంది చిన్నది.

గట్టిగా అనలేదు. కానీ ఆ మాట వినగానే నాన్న బొటనవేలు కదిలింది. మెళ్ళో వేలాడుతున్న గడియారాన్ని వెతుక్కుని మీట నొక్కేసింది. టిక్కుమని చప్పుడైంది. ముల్లు సున్నాకి వెళ్ళి కూర్చుంది.

ముగ్గురూ దాని వైపు చూశారు.

"అరెరే, పోయిందే," అన్నాడు నాన్న. పెన్ను పేజీ మీద ఆగిపోయింది. "ఇందాక ఎంతన్నాను? ఇక్కడ రాసుకోవాలి. నిమిషం నలభై... ఎంత?"

"గుర్తులేదు," అంది చిన్నది.

"నీకు గుర్తులేకపోవడమేంటే," అంది అక్క. "టైంకీపరువి."

"గుర్తులేదక్కా."

నాన్న నోటుపుస్తకం తెరిచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చిన్నది గడ్డి మీద కూర్చుని బూట్లు విప్పుకుంది. ఎడమ బూటులో ఒక మేకు వంగింది, ట్రాకులోంచి గడ్డిలోకి, గడ్డిలోంచి ట్రాకులోకి తిరిగినప్పుడు వంగినట్టుంది. సాయంత్రం ఇంట్లో మొగుడు ఆ మేకు తీసి చూస్తాడు, తర్వాత ఇత్తడి రేకు తీసి, ఎంత అని అడుగుతాడు. ఆమె తలెత్తి మైదానం గడియారం చూసింది. ఇంటివైపు బస్సు పదకొండు నలభైకి. ఇంకా తొమ్మిది నిమిషాలుంది. పరిగెత్తక్కర్లేదు, నడిచి వెళ్ళినా అందుతుంది.